నేరుగా పోని బోటు

నేను గోడలు కట్టే మేస్త్రీని. మా ఇల్లు ధర్మపురి బస్టాండు వెనక. అయినా రెండేళ్ళ పాటు వారానికి నాలుగు రోజులు తాపీ పక్కన పడేసి, ఏరియూరు దాటి, మేట్టూరు డ్యాం వెనకనీళ్ళలో బోటు నడిపాను. బస్సులో ఎవరైనా "యాడికి మేస్త్రీ, చేపలకా?" అని అడిగితే చిర్రెత్తుకొచ్చేది. చేపలూ కాదు, డ్యాం చూడటానికొచ్చిన వాళ్ళను తిప్పడమూ కాదు. నా బోటు వెనక ఒక తాడు, ఆ తాడు చివర నా కూతురు. అంతకంటే చెప్పే ఓపిక నాకు లేదు.

ఇప్పుడు చెప్పక తప్పదు కాబట్టి చెబుతాను. నీళ్ళ మీద జారే ఆటలో రెండు పలకల రకం ఉంది, ఒంటి పలక రకం ఉంది. మాది ఒంటి పలక. ముందొక కాలు, దాని వెనకే రెండో కాలు. పలక మీద రబ్బరు జోళ్ళు బిగించి ఉంటాయి, అవి కాలికి ఓ పట్టాన ఎక్కవు, సబ్బునీళ్ళు పోసి తోయాలి. పలక కింద మడమ వైపు చిన్న లోహపు రెక్క ఉంటుంది. దాన్ని గోరంత జరిపినా మలుపు మారిపోతుంది. నీళ్ళలో బోటు పోవడానికి రెండు పక్కలా చిన్న తేలుడు గుండ్లు వరసగా కట్టి సందులాంటి దారి వేస్తారు. ఆ దారికి బయట, కుడిన మూడు, ఎడమన మూడు, పెద్ద బంతులు. బోటు మధ్యలో నేరుగా పోవాలి. వెనక తాడు పట్టుకున్న మనిషి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు బోటు లేపే అలను కోసుకుంటూ ఆరు బంతులనూ చుట్టి రావాలి. వంకర తిరిగే వాళ్ళదే కష్టం, నేరుగా పోయేవాడికి ఏం పని అని మొదట్లో అనుకున్నాను. ఎంత తెలివితక్కువ మాట!

ఆ చోటు నడిపేది ఒక అక్క. వయసులో నాకంటే చిన్నదే, అయినా అందరం అక్కా అనే పిలుస్తాం. ఒకప్పుడు బాగా ఆడింది, మోకాలు చెడాక నేర్పడానికి దిగింది. ఆమె షెడ్డుకీ, నీళ్ళలోకి దిగే మెట్లకీ పని చేసింది నేనే. సెలవుల్లో నాకు కూడు తెచ్చిన నా కూతురు గట్టు మీద నిలబడి చూసి చూసి, ఒక రోజు నన్నడగకుండానే అక్కను అడిగింది. అక్క పాత పలక ఒకటి ఇచ్చింది. జోడు పెద్దదైతే రెండు సాక్సులు వేసుకుని ఎక్కింది. ఆ రోజు పద్దెనిమిది సార్లు పడింది. నేను లెక్కపెట్టాను, ఎందుకంటే ప్రతిసారీ నాకు గుండె జారింది. పందొమ్మిదో సారి నిలబడింది. కొన్నాళ్ళకు అక్కడి బోటు డ్రైవరు పెళ్ళి చేసుకుని ఊరు మారిపోయాడు. ట్రాక్టరు నడిపిన చెయ్యే కదా అని అక్క నన్ను కూర్చోబెట్టింది.

నా కూతురిది నా రక్తమే. నిలకడ లేదు. ఈ ఆటలో చేతులతో లాగకూడదు. చేతులు చాచి, పిడిని నడుము దగ్గర పెట్టుకుని, బోటుకు దూరంగా ఒళ్ళు వాల్చాలి, మిగతా పని పలక చూసుకుంటుంది. బంతి దగ్గరికి రాగానే ఒక చెయ్యి వదిలి, రెండో చేతిని ముందుకు చాచి, పలక తిరిగే దాకా ఓపిగ్గా ఉండాలి. ఆ "ఓపిగ్గా" అన్న దగ్గరే మా వంశానికి చిక్కు. అక్క గట్టు మీద నుంచి అరవంలో అరిచేది, నేను బోటులోంచి తెలుగులో అరిచేవాణ్ణి.

"పిడి నడుము కాడ పెట్టు పాపా! లాగద్దు, లాగద్దు!"

"నువ్వు ముందుకు చూసి తోలు నాయినా!" అని అది తిరిగి అరిచేది.

ఏడాదిన్నరకు ఆరు బంతులూ చుట్టేసింది. ఒక సారి కాదు, వరసగా మూడు రోజులు. అక్క ఎగిరి గంతేసింది, మోకాలు సంగతి మరిచిపోయి. రాష్ట్ర జట్టు కోసం చూడటానికి మద్రాసు నుంచి మనుషులు వస్తున్నారనీ, ఇదే వేగంలో వాళ్ళ ముందు ఆరూ చుట్టేస్తే శిబిరానికి తీసుకుంటారనీ చెప్పింది. ఇంట్లో వాళ్ళమ్మ అప్పటికే హోసూరు కంపెనీలో దానికి పని మాట్లాడి పెట్టింది. శిబిరానికి ఎంపికైతే హోసూరు లేదు, కాకపోతే హోసూరే. తల్లీకూతుళ్ళ మధ్య ఒప్పందం అది. నన్నెవరూ అడగలేదు.

వాళ్ళు రావడానికి పది రోజుల ముందు, అక్క తన ఫోను తీసుకుని బోటులో తాడు కట్టే కమ్మీకి బిగించింది. పాప ఒళ్ళు ఎక్కడ వంగుతోందో చూద్దామని. మధ్యాహ్నం షెడ్డులో రాగి కళి తింటూ ముగ్గురం ఆ వీడియో చూశాం. వాళ్ళిద్దరూ పాపను చూశారు. నా కళ్ళు మాత్రం అలవాటు కొద్దీ నూలు వెతికాయి, గోడ వంకర పోకుండా మేము కట్టుకునే దారం. రెండు పక్కలా తేలుడు గుండ్ల మధ్య బోటు నేరుగా పోతోందా అని చూశాను.

పోవడం లేదు. పాప కుడికి పోయినప్పుడు కుడి గుండు బోటుకు రాసుకున్నంత దగ్గరగా వచ్చింది. ఎడమకు పోతే ఎడమ గుండు. ఆరు బంతులకూ ఆరుసార్లు. నా నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది, అదే నా ఖర్మ. మా పనిలో ఇటుకలు కింద నుంచి విసురుతారు, పరంజా మీద నిలబడినవాడు పట్టుకోవాలి. బిగుసుకుని నిలబడి చెయ్యి చాస్తే పట్టలేడు, వేళ్ళు విరుగుతాయి. విసిరే మనిషి వైపు ఒళ్ళు వాల్చి, వచ్చే బరువుకు ఎదురెళ్ళి, దాంతో పాటే వెనక్కి రావాలి. ఇరవై ఏళ్ళు నా భార్య విసిరింది, నేను పట్టాను. బోటులో ఎదురుగా పెద్ద అద్దం ఉంటుంది, వెనక మనిషి అందులో కనిపిస్తుంది. అద్దంలో పాప బరువంతా తాడు మీద వేసి పక్కకు పోతుంటే నా ఒళ్ళు ఆ పక్కకే వాలింది, ఒళ్ళుతో పాటు చేతిలోని చక్రమూ వాలింది. బోటు కాస్త జరిగితే చాలు, బంతి పాపకు దగ్గరవుతుంది, తాడు బరువు తగ్గుతుంది. అంటే ఆ ఆరు బంతులూ అది ఒక్కతే చుట్టలేదు. సగం దూరం నేనే మోసుకుపోయాను.

నూలు తప్పిన గోడను కూలగొట్టి మళ్ళీ కట్టించే మేస్త్రీ అని నాకు ఊళ్ళో పేరు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ పది రోజులు నేను మనిషిని కాను. హరూర్‌లో ఒక కాంపౌండు గోడ పనికి పోయి, ఏమీ లేనిదానికి కూలివాళ్ళ మీద విరుచుకుపడి, మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేశాను. పళ్ళెం ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. ఒక రోజు నా భార్యకు చెప్పాను.

"వంగితే ఏమాయె? కన్నబిడ్డకు వంగకుండా ఎవురికి వంగుతావు?" అంది.

"రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డ్రైవరు వంగుతాడా? ఆయప్ప నేరుగా పోతాడు, ఇది మూడో బంతి కాడ పడుతుంది."

"అట్లైతే దానికి చెప్పేయి."

"పది దినాలుండాది. ఇప్పుడు చెప్తే మనసు ఇరిగిపోతుంది."

"చెప్పకపోతే?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది.

చెప్పలేదు. చెప్పకుండానే రోజూ కొంచెం కొంచెంగా చెయ్యి బిగబట్టి సరిచేద్దామనుకున్నాను. మొదటి రోజే అది నాలుగో బంతి దగ్గర పడింది. నీళ్ళలోంచి తల ఎత్తి, బిక్కమొహం వేసుకుని పలకను తిప్పి తిప్పి చూసుకుంది, రెక్క జరిగిందేమోనని. నేను చూడలేకపోయాను. మరుసటి సారి చేతిని దాని ఇష్టానికి వాలనిచ్చాను, ఆరూ చుట్టింది. పిరికితనం, ఇంకేమీ కాదు. ఇదంతా తెలుగులో రాసి ఏం లాభం, నీ బిడ్డకు తెలుగు చదవడం రాదే అని నా భార్య ఎగతాళి చేస్తుంది. రాదు కాబట్టే ఈ మాట రాయగలుగుతున్నాను.

వాళ్ళు వచ్చిన రోజు పొద్దున గాలి లేదు, నీళ్ళు కదలడం లేదు. వచ్చిన ఇద్దరిలో ఒకాయన గట్టు మీద ఉన్నాడు, ఇంకొకాయన జడ్జిగా నా పక్కన కూర్చున్నాడు. ఆయన ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి చూస్తున్నాడు. వంగితే ఆయనకు తెలిసిపోతుందని భయపడ్డానని చెబితే నాకే తేలిక. కానీ నిజం అది కాదు. దారి మొదట్లో ఉన్న గుండ్లు కనిపించగానే, ఈ బోటు వంకరగా పోతే నా కూతురు ఇక జన్మలో ఈ ఆట నేర్చుకోదు అన్న మాట నా బుర్రలో ఎవరో అరిచినట్టు వినిపించింది. అద్దాన్ని పైకి తిప్పేశాను. చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి, నేరుగా పోయాను.

తాడు లాగిన లాగుడుకు బోటు తోక అదిరింది. ఒకటి. రెండు. మూడో బంతి వైపు లాగుడు మొదలై, తెగినట్టు ఆగిపోయింది. జడ్జి ఏదో రాసుకున్నాడు. ఇంకో అవకాశం ఇచ్చారు. ఈసారి మూడు చుట్టి, నాలుగు చేరకుండానే పడింది.

బోటు మెల్లగా తిప్పి దాని దగ్గరికి పోయాను. దెబ్బ తగలలేదని చెప్పడానికి చెయ్యి ఎత్తింది, అది పద్ధతి. తర్వాత ఈదుకుంటూ వచ్చి బోటు అంచు పట్టుకుంది. జడ్జికి తెలుగు రాదు. అందుకని అది తెలుగులోనే అడిగింది.

"నాయినా, ఈ దినం తాడు ఏంది ఇంత బరువుగా ఉండింది?"

"బరువు ఎప్పుడూ అంతే పాపా. ఇన్నాళ్ళూ నేను నీ పక్కకు వంగినాను. ఈ దినం వంగలేదు."

అది ముక్కులోంచి నీళ్ళు చీదుకుంది. "ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"మొదటి నుంచీ అనుకుంటా. నాకు తెలిసి పది దినాలు."

"తెలిసీ చెప్పలేదా?"

"లేదు."

"అట్లైతే నేను నేర్చుకున్నది ఏంది నాయినా?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగింది. కోపంగా అడిగి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. జడ్జి ఇద్దరి మొహాలూ చూసి, మర్యాదగా గట్టు వైపు తిరిగాడు.

శిబిరానికి సేలం అమ్మాయి ఒకతె ఎంపికైంది. నా కూతురు హోసూరు కంపెనీలో చేరింది. నెల రోజులు, సెలవుకు ఇంటికొచ్చినప్పుడు కూడా, నాతో అవసరమైన మాటలే మాట్లాడింది, అన్నం పెట్టాలా, ఫ్యాను ఆపాలా, అంతే. ఆ నెలలో నేను నీళ్ళ వైపు పోలేదు. ఒక శనివారం తొప్పూరు దగ్గర పనిలో ఉంటే ఫోను చేసింది.

"రేపు పొద్దున ఏరియూరు బస్సుకు రా. అక్క బోటు తోలుతుంది. నువ్వు వెనక కూర్చో."

బోటులో డ్రైవరు కాక ఇంకొక మనిషి ఉండాలి, వెనక్కి తిరిగి కూర్చుని, తాడు చివరి మనిషిని చూస్తూ. పడితే జెండా ఎత్తాలి, డ్రైవరుకు చెప్పాలి. అంతకుమించి ఆ మనిషికి ఏ పనీ లేదు. చక్రం లేదు, మీట లేదు. నా బతుకులో ఇంత కష్టమైన పని నేను చేయలేదు. అది పక్కకు వాలిన ప్రతిసారీ నా ఒళ్ళు వాలుతుంది, సీటు మీద ఒక్కడినే వంగి లేస్తుంటాను. బోటుకు ఏమీ కాదు. అక్క రాయిలా నేరుగా తోలుతుంది.

ఆదివారం వెనక ఆదివారం మూడో బంతి దగ్గర పడింది. నేను జెండా ఎత్తాను. అది చెయ్యి ఎత్తింది. మళ్ళీ మూడు, మళ్ళీ జెండా. ఒక్కోసారి రెండే. హోసూరు నుంచి బస్సులో వచ్చి, పొద్దంతా పడి, అరచేతుల్లో బొబ్బలతో సాయంత్రం బస్సుకు పోయేది. వద్దులే పాపా అనాలని ఎన్నిసార్లో నోటి దాకా వచ్చింది.

మొన్న ఆదివారం మూడో బంతి చుట్టి అవతలికి పోయింది. పిడి నడుము దగ్గరే ఉంది. తొందరపడలేదు. అలను దాటి, ఒక చెయ్యి వదిలి, రెండో చెయ్యి చాచి, పలక తిరిగే దాకా ఆగింది. నాలుగో బంతి దాని వెనక్కి పోయింది. తర్వాత పడింది. నేను లేచి నిలబడి ఏమేమో కేకలు వేస్తున్నాను, ఏ భాషలోనో నాకే తెలియదు. "జెండా ఎత్తు మేస్త్రీ, జెండా!" అని అక్క వెనక నుంచి తిడుతోంది. నీళ్ళలోంచి నా కూతురు తల పైకి తేలింది, బాగానే ఉన్నానని చెయ్యి ఎత్తడం మరిచిపోయి, నన్నే చూస్తూ నాలుగు వేళ్ళు చూపించింది.