పడొద్దనే బావ కోసం శింగనమల దాకా

మా బావ ఓబులేసు ఫోన్లో మాట్లాడేది నాలుగే మాటలు. "బాగుండావా, తింటివా, పడొద్దు, పెట్టేస్తాండా." ఆయన కూతురు నందిని బెంగళూరులో మా ఇంట్లో ఉండి చదువుకుంటూ ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంటున్న ఇన్నేళ్లలో ఐదో మాట వినలేదు. అందులో మూడో మాటను ఆపించడానికే పోయిన మాఘమాసంలో శింగనమల వెళ్లాను. ఫోన్లోనే చెప్పవచ్చు కదా అంటారేమో. నేను నోరు తెరిచేలోపు నాలుగో మాట వచ్చేస్తుంది.

మీరూ ఆ దారిన వెళ్లేవారైతే పొద్దున్నే రైలెక్కండి. అనంతపురంలో దిగేసరికి హోటళ్లలో ఉగ్గాని ఇంకా అయిపోయి ఉండదు. నేను ఏడు కాకముందే యలహంకలో జనరల్ పెట్టె ఎక్కాను. హిందూపురం దాకా నిలబడే ప్రయాణం. ఆ తర్వాత సీటు దొరికింది. ఎదుట ఒక పెద్దామె కూర్చుని ఉంది. ధర్మవరంలో దిగి బత్తలపల్లె బస్సెక్కుతుందట. వేయించిన శెనక్కాయలు నా చేతిలో పోసి, ఏం పని మీద పోతున్నావని అడిగింది. మేనకోడలిని ప్రపంచ పోటీకి పంపే పని అన్నాను. దేశంలో ఫస్టు వచ్చిందా అని అడిగింది. వచ్చింది కానీ అది చాలదన్నాను.

జూనియర్ల ప్రపంచ పోటీకి మనలాంటి దేశం నుంచి ఒకరు వెళ్లవచ్చు. అయితే ఆ ఒక్కరూ ముందుగా గుర్తింపున్న అంతర్జాతీయ పోటీల్లో ఆడి, జంపులకూ గిరికీలకూ ఇచ్చే సాంకేతిక మార్కుల్లో ఒక కనీసాన్ని అందుకోవాలి. ప్రతి పోటీలో రెండుసార్లు ఆడాలి, ఆ కనీసం చిన్న ప్రదర్శనకు వేరు, పెద్ద ప్రదర్శనకు వేరు. ఎన్నో స్థానంలో వచ్చారని ఎవరూ అడగరు. అందరికంటే చివర వచ్చినా ఆ మార్కులు వస్తే చాలు. నందినికి చిన్నదానిలో వచ్చేశాయి. పెద్దదానిలో రెండుసార్లు కొద్దిలో తప్పాయి. గడువులోపు ఒక్క పోటీ మిగిలింది. అది మర్నాటి సాయంత్రం. పిల్ల అప్పటికే కోచ్‌తో యూరప్‌లో ఉంది.

పడిపోయి ఉంటుంది పాపం అంది పెద్దామె. పడలేదు, అదే నా బాధ అన్నాను.

గాలిలో రెండున్నర చుట్లు తిరిగే జంప్ ఒకటుంది. నందిని సాధనలో వేస్తుంది. పోటీలో మాత్రం ఒకటిన్నర చుట్టు తిరిగి నిక్షేపంగా నిలబడుతుంది. చుట్లు పూర్తిచేసి పడితే ఆ జంప్ విలువలో సగం పోతుంది. అయినా మిగిలిన సగం, నిలబడి వేసిన చిన్న జంప్ కంటే ఎక్కువే. పడినందుకు మొత్తం మార్కుల్లో ఇంకొంత కోస్తారు గానీ, ఆ కోత ఈ కనీసం లెక్కలోకి రాదు. కోచ్ ఇదంతా చెబుతూనే ఉంది. పిల్ల తలూపుతుంది, మంచు మీదికి దిగాక నాయన మాటే వింటుంది.

"నాయన చెప్తే ఇనకుండా ఎట్లుంటాదప్పా?" అని పెద్దామె ధర్మవరంలో దిగిపోయింది.

అనంతపురంలో ఉగ్గాని, బజ్జి తిని శింగనమల బస్సెక్కాను. మధ్యాహ్నానికి చేను చేరాను. బావ గింజలు రాలేలా కందికట్టె కొడుతున్నాడు. బెంగళూరులో సంగటి దొరక్క వచ్చినావా అని నన్ను ఏడిపించి, చెంబుతో మజ్జిగ ఇచ్చాడు. నేను విషయమంతా చెప్పాను. చేతిలో కట్టె కింద పెట్టి విన్నాడు.

"ఇంట్లోంచి పోయేటోళ్లను పోతా అనే మాటే అననియ్యం. పోయొస్తా అనమంటాం. దేశంగాని దేశంలో ఉండే బిడ్డను పడమని నా నోటితో ఎట్ల చెప్పల్లప్పా?"

నందిని చిన్నప్పుడు చక్రాల స్కేట్లతో సిమెంటు రోడ్డు మీద పడి గడ్డం చిట్లించుకుంది. రక్తం కారుతున్న పిల్లను ఎత్తుకుని ఈయన బస్టాండు దాకా పరుగెత్తాడు. ఆ మూడో మాట అప్పుడు పుట్టింది. ఆయన మీద కోప్పడదామనుకునే వచ్చాను, కోపం రాలేదు.

సాయంత్రం మా అక్క సంగటి, శెనక్కాయ పచ్చడి పెట్టింది. తిన్నాక నందినికి ఫోన్ కలిపి బావకిచ్చాను. బాగుండావా అన్నాడు. తింటివా అన్నాడు. ఆ తర్వాత ఆగిపోయాడు. అక్క, నేను ఆయన నోటికేసి చూస్తున్నాం. అవతల పిల్ల కూడా ఎదురుచూస్తోంది.

"నాయనా, ఇంకేమీ చెప్పవా?"

"ఏం లేదుమ్మా. పెట్టేస్తాండా."

పడమని ఆయన చెప్పలేదు. పడొద్దనీ చెప్పలేదు. ఫోన్ నాకిచ్చేసి, పని లేకపోయినా పశువుల దగ్గరికి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఒక్క మాట మింగడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో ఆ వీపు చూస్తే తెలుస్తోంది.

మర్నాడు మధ్యాహ్నం అనంతపురంలో తిరుగు రైలెక్కాను. పెనుకొండ దాటాక ఫోన్లో పోటీ మొదలైంది. పక్కన హిందూపురం వెళ్లే దర్జీ ఒకాయన ఉన్నాడు. పేరు మస్తాన్. ఆయన కూడా తల వంచి చూడసాగాడు. నందిని వంతు వచ్చింది. సగం అయ్యాక పెద్ద జంప్‌కు లేచింది. చుట్లు పూర్తయ్యాయి, తుంటి మీద ధబ్బున పడింది. నేను నవ్వుతూ చప్పట్లు కొట్టాను.

"పడింది గదన్నా, నవ్వుతాండావేం?" అన్నాడు మస్తాన్.

నేను కళ్లు తుడుచుకుంటున్నాను. పిల్ల లేచి, పాటను అందుకుని చివరిదాకా ఆడింది. హిందూపురం వస్తుండగా మార్కులు వచ్చాయి. స్థానం అడుగునుంచి రెండోది. సాంకేతిక మార్కులు కనీసం కంటే కాస్త పైన. మస్తాన్‌కు అప్పుడు వివరం చెబితే, నా చెయ్యి పట్టుకుని ఊపి, దిగాక కిటికీలోంచి టీ అందించి వెళ్లాడు.

శింగనమల వెళ్లడం కష్టమేమీ కాదు. బస్సులున్నాయి, అక్కలాంటి వాళ్లున్న ఇంట్లో కడుపు నిండుతుంది. ఆ ఊరి మనుషులు ప్రేమను మాటల్లో పెట్టరు, వెతుక్కోవాలి. నేను ఇలా అనుకుంటుండగానే బావ ఫోన్ చేశాడు. పక్కింటివాళ్ల ఫోన్లో అంతా చూశాడట. మార్కులు వచ్చినాయి బావా, నందిని ప్రపంచ పోటీకి పోతుంది అన్నాను.

"అది సరేలేప్పా," అన్నాడు. "తుంటికి బాగా తగిలినట్లుండాది. ఆ ఊర్లో ఉప్పు కాపడం పెట్టేవాళ్లు ఎవురన్నా ఉండారా?"