వదిన గొంతుకి తాళం

మా ఆయన లిఫ్ట్ మెకానిక్. ఏ మేడలో లిఫ్టు ఆగిపోయినా ఆయనకు ఫోను వస్తుంది. నూనె మరకల చొక్కా, జేబులో టెస్టరు, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట. "ఆగిపోయిందంటే మంచిదే. అనుమానం వస్తే ఆగిపోవాలి. అనుమానం వచ్చినా కదిలే లిఫ్టే మనుషుల్ని చంపుతుంది." లోపల ఇరుక్కుని చెమటలు కక్కుతున్నవాళ్లకు ఈ మాట ఏం ఊరటనిస్తుందో నాకు తెలియదు గానీ, ఆయనకు మాత్రం అది వేదవాక్కు. ఆ వేదవాక్కే చివరికి మా కొంప ముంచింది.

ఆయనకున్న రెండో పిచ్చి వెబ్‌సైట్లు. పెళ్లయిన కొత్తలోనే ఒకటి కట్టాడు. తన పేరు పెద్ద అక్షరాల్లో మిణుకుమిణుకుమనేది. పక్కన ఒక బొమ్మ లిఫ్టు అలుపు లేకుండా పైకీ కిందికీ తిరిగేది. అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకె ఉండేది. అది పెరిగిందో లేదోనని ఆయనే పొద్దస్తమానం తెరిచి చూసేవాడు, చూసిన ప్రతిసారీ అది పెరిగేది. "చూశావా, జనం వస్తున్నారు" అని మురిసిపోయేవాడు. ఆ జనం బనియను వేసుకుని నా ఎదురుగానే కూర్చుని ఉండేవాళ్లు. తర్వాత మా బాల్కనీలో గూడు కట్టిన పిచ్చుకల మీద ఇంకొక సైటు పెట్టాడు. పిచ్చుకలు ఎగిరిపోయినా సైటు ఉండిపోయింది.

నేను ఆయన్ని వెక్కిరించడం మానేసింది వదిన కోసం ఆయన సైటు కట్టినప్పుడే.

వదిన అంటే ఆయన అక్క. చూపు లేని పిల్లల బడిలో కథలు చదివి వినిపించడం ఆవిడ ఉద్యోగం. ఖంగుమనే గొంతు. రాక్షసుడి మాటలు చదువుతుంటే పక్క గదిలో గుమాస్తా కూడా పని ఆపేసేవాడట. అలాంటి మనిషి గొంతులో పుండు లేచింది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు డాక్టరు. "ప్రాణానికి భయం లేదు. మాట మాత్రం ఉండదు" అన్నాడు, అదేదో పన్ను పీకుతున్నంత తేలిగ్గా.

ఆపరేషనుకు ముందు మా ఆయన వదినను మా ఇంటికి తీసుకొచ్చాడు. మా పడకగది కిటికీలకు బొంతలు కట్టి, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి, ఆవిడను మంచం మీద కూర్చోబెట్టి, తను నేల మీద మైకు పట్టుకుని కూర్చున్నాడు. బడిలో పిల్లలకు ఇష్టమైన కథలన్నీ వదిన మళ్లీ చదివింది. నొప్పి వచ్చినప్పుడు ఆగేది, నేను తెచ్చిన వేణ్ణీళ్లు గుటక వేసేది, మళ్లీ అందుకునేది. వంటగదిలో నిలబడి వింటూ నేను ఎన్నిసార్లు కళ్లు తుడుచుకున్నానో. ఆ కథలతో ఆయన సైటు కట్టాడు. ఈసారి మిణుకులు లేవు, బొమ్మ లిఫ్టు లేదు. కథ పేరు నొక్కితే వదిన గొంతు వినిపిస్తుంది, అంతే.

ఆపరేషను అయింది. వదిన బతికి బట్టకట్టింది. మెడలో ఒక పలక వేసుకుని, చెప్పాల్సింది దాని మీద రాసి తుడిచేయడం అలవాటు చేసుకుంది. ఆ కథలు మాత్రం ఒక్కసారి కూడా వినలేదు. వింటావా అని నేనడిగితే "ఇప్పుడు కాదు" అని రాసింది. బడి పిల్లలు మాత్రం రోజూ వినేవాళ్లు. ఎక్కడెక్కడివాళ్లో కూడా వినేవాళ్లు.

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా ఒక పొద్దున బడి నుంచి ఫోను. కథ నొక్కితే జూదం ఆడమని ఎవడో అరుస్తున్నాడట. సైటులోకి దొంగ దూరాడు. పాస్‌వర్డు ఏం పెట్టారని అడిగితే మా ఆయన నీళ్లు నమిలాడు. మా పెళ్లి తేదీ పెట్టాడట! ఏ ఏడూ పెళ్లిరోజు గుర్తుపెట్టుకోని మనిషి దాన్ని లోకానికి తాళంచెవిగా పెట్టాడని విని, మురిసిపోవాలో మొట్టాలో తెలియలేదు. కథలకు ఏమీ కాలేదు. దొంగ గుమ్మానికి తన బోర్డు తగిలించాడు గానీ లోపలి సామాను ముట్టుకోలేదు. ఆయన అదంతా ఊడ్చి శుభ్రం చేశాడు. కానీ మనిషికి దెబ్బ తగిలింది.

"అక్క గొంతు ఉండే చోట వాడి గొంతు వినపడిందే" అని ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయంటారు. మా ఇంట్లో మొరుగుడు ఆ వారమే మొదలైంది. కంప్యూటరు భద్రత నేర్పే పాఠాల్లో చేరాడు. పని నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, భోజనాల బల్ల దగ్గర కూర్చుని తన సైటులోకి తనే కన్నం వేసేవాడు. "మనింట్లో మనమే దొంగతనం చేసి చూసుకోవాలి. అప్పుడే ఏ తలుపు వదులో తెలుస్తుంది" అనేవాడు. కన్నం దొరికితే పిల్లాడిలా గంతులు, దొరక్కపోతే దిగులు. నిజం చెప్పాలంటే ఆయన ముఖంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. అందుకే నోరు మూసుకున్నాను.

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, తర్వాత తాళాలు ఇంటిమీదికి వచ్చాయి. ఇంటర్నెట్టు పాస్‌వర్డు మా తమ్ముడికి చెప్పనన్నాడు. వాడు అలిగి భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. నా ఫోను తెరవడానికి నేనే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చేది. అది అంకెలు అడుగుతుంటే అక్కడ పాలు పొంగిపోయేవి.

"మీ తాళాలు తగలెయ్య! ఇది ఇల్లా, జైలా?" అన్నాను ఒకరోజు.

"జైల్లో లోపలివాళ్లు బయటికి పోకుండా తాళం వేస్తారు. ఇక్కడ బయటివాళ్లు లోపలికి రాకుండా వేస్తున్నా. తేడా లేదూ?" అన్నాడు.

వదిన సైటు గుమ్మంలో ఒక పరీక్ష కూడా పెట్టాడు. తొమ్మిది గళ్లలో బొమ్మలు వస్తాయి. బస్సులున్న గళ్లు నొక్కితేనే తలుపు తెరుచుకుంటుంది. యంత్రాలను పంపి దొంగతనం చేసేవాళ్లు అక్కడే ఆగిపోతారట. ఆ వారంలోనే సైటుకు వచ్చేవాళ్లు సగానికి సగం తగ్గారు. "చూశావా! వచ్చినవాళ్లలో సగం దొంగలేనన్నమాట" అని చంకలు గుద్దుకున్నాడు. నేనూ నిజమే కాబోలనుకున్నాను.

ఒక సాయంత్రం బల్ల దగ్గర కేక పెట్టాడు. ఎవరో లోపలికి వచ్చి, ఉన్న కథలన్నీ ఒక్క ఊపున దింపుకుని పోయారు. ఆ మనిషి సైటులో చేరినప్పుడు ఇచ్చిన ఆఫీసు మెయిలు చిరునామా పట్టుకుని గట్టిగా ఉత్తరం కొట్టాడు. కథలన్నీ వెంటనే చెరిపేయాలి, లేకపోతే పోలీసుల దాకా వెళ్తాం అని. మర్నాడే జవాబు. "క్షమించండి. తీసేశాను." ఆ రెండు మాటలూ నాకు చదివి వినిపించి, గెలిచినవాడిలా మీసం తిప్పాడు.

ఆ గెలుపుతో ఇంకో అడుగు వేశాడు. "ఎన్ని చోట్ల కాపీలుంటే దొంగకు అన్ని తలుపులు" అన్నాడు. పాత సైటు మూసేశాడు, కొత్తది కోటలా కడతానన్నాడు. కథలు వేసి బడికి ఇచ్చిన పెన్‌డ్రైవు వెనక్కి తెచ్చి చెరిపేశాడు. రికార్డు చేసిన ఫోనులోవీ చెరిపేశాడు. కథలన్నీ ఒకే ఒక్క డిస్కులో పెట్టి దానికి తాళం వేశాడు. అది తెరవాలంటే పాస్‌వర్డు చాలదు, ఆయన ఫోనులో పుట్టే అంకెలు కూడా కావాలి. ఫోను పోతే వాడుకోవడానికి అత్యవసరపు అంకెలు కొన్ని ఇస్తారట. వాటిని ఎవరి కంటా పడకుండా తనకు తెలిసిన అన్నిటికన్నా భద్రమైన చోట దాచాడు. ఆ చోటు ఆ డిస్కే.

బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసుకునే తెలివి నాలాంటిదానికి రాదు. దానికి అంత చదువు చదవాలి.

ఆ తర్వాత ఒక మేడలో లిఫ్టు పెట్టె మీద కూర్చుని తాడుకు గ్రీజు పూస్తూ ముందుకు వంగాడు. చొక్కా జేబులోంచి ఫోను జారి, గోడకూ పెట్టెకూ మధ్య సందులోంచి అడుగున గుంట దాకా పడిపోయింది. ఏరి తెచ్చినవి గాజు ముక్కలూ రేకు ముక్కలూ. ఫోన్లు బాగుచేసే కొట్లో కూర్చున్నతను వాటిని వేలితో కదిపి, తల అడ్డంగా ఊపి, మళ్లీ సంచిలో పోసి ఇచ్చాడు. తాళం అమ్మిన కంపెనీకి రాస్తే, మీ తాళంచెవి మా దగ్గర కూడా ఉండదు, అదే మా గొప్ప అని జవాబిచ్చారు. అదే మాట చెప్పి ఆయన నా దగ్గర ఎన్నిసార్లు మురిసిపోయాడో!

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నోటిదాకా వచ్చింది. వదిన గొంతు గుర్తొచ్చి మింగేశాను.

ఆయన వారాల తరబడి ఆ డిస్కు ముందు కూర్చున్నాడు. నేర్చుకున్న విద్యలన్నీ దాని మీద ప్రయోగించాడు. అంత బాగా తాళం వేసింది ఎవరో కాదు కదా, తెరుచుకోలేదు. వదినకు చెప్పే ధైర్యం లేదు. సైటు ఏమైందని బడివాళ్లు అడిగితే, కొత్తది వస్తోందని బొంకాడు. నాకు కోపం వచ్చేది, ఆ ముఖం చూస్తే జాలి వేసేది, జాలి వేసినందుకు మళ్లీ కోపం వచ్చేది.

అలాంటి రోజుల్లో వదిన మా ఇంటికి వచ్చింది. టీ తాగి, పలక తీసి, తమ్ముడి ముందు పెట్టింది.

"నా గొంతు నాకు కలలో కూడా వినబడటం లేదురా. ఎలా ఉండేదో మరిచిపోతున్నాను. ఆ కథలు వినిపించు."

ఆయన రంగు మారిపోయింది. "కొత్త సైటు... ఆదివారం రా అక్కా, వినిపిస్తా" అన్నాడు. వదిన నవ్వింది. ఇప్పుడు ఆవిడ నవ్వుకు చప్పుడు ఉండదు.

ఆవిడ గుమ్మం దాటగానే ఆయన చొక్కా తొడుక్కున్నాడు. "ఆ మనిషి" అన్నాడు. "అన్నీ దింపుకున్న ఆ మనిషి. నిజంగా చెరిపేసి ఉండరు. ఎవరైనా ఊరికే చెరిపేస్తారా?" తను దొంగ అని తిట్టిన మనిషి నిజంగానే దొంగయి ఉండాలని ఆయన కోరుకోవడం నేను చూశాను.

ఆ దొంగ ఒక పెద్ద ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు. నడివయసు ఆవిడ. మేం వెళ్లేసరికి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వేళ్లతో తడుముతూ మీటలు నొక్కుతోంది. బల్లకు ఒక తెల్లకర్ర ఆనించి ఉంది. అది చూడగానే ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

మేమెవరమో చెప్పగానే ఆవిడ కంగారుగా లేచి నిలబడింది. "తీసేశానండీ, ఆ రోజే అన్నీ తీసేశాను. ఒట్టు."

"అన్నీనా?" అన్నాడు ఆయన. "ఎందుకు దింపుకున్నారమ్మా అసలు?"

"మీరు బొమ్మలు పెట్టారు కదండీ, బస్సులు నొక్కమని. బస్సు వస్తే చప్పుడును బట్టి నంబరుతో సహా చెబుతాను గానీ, గళ్లలో బస్సు నాకెలా తెలుస్తుంది? రోజూ పక్కసీటు అమ్మాయిని బతిమాలేదాన్ని. ఎన్నాళ్లని బతిమాలతాం? అందుకే ఒకసారి తలుపు తీయించుకుని, ఉన్నవన్నీ దింపుకున్నాను. తప్పని తెలియదండీ. పోలీసులనేసరికి భయమేసింది."

చూపు లేనివాళ్ల కోసం కట్టిన ఇంటికి చూపున్నవాళ్లే తీయగల తాళం వేశాడు. తగ్గిపోయిన సగం మందీ ఎవరో అప్పుడు తెలిసింది. ఆయన గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. వదిన గొంతు ఏమైందో ఆవిడకు చెప్పాల్సి వచ్చింది. నేనే చెప్పాను.

ఆవిడ బల్ల తడిమి తన ఫోను చేతిలోకి తీసుకుంది. "ఒక్క ముక్క ఉంది" అంది చివరికి. "కోప్పడకండి. కథ కాదు కదా అని ఉంచుకున్నాను. పొద్దున లేవడానికి అలారంగా పెట్టుకున్నాను."

ఆదివారం వదిన వచ్చింది. ఆయన కొత్త ఫోను బల్ల మీద పెట్టి నొక్కాడు.

"ఊఁ, అందరూ వచ్చారా? వెనక గుసగుసలు ఆపండి. ఒరేయ్ తమ్ముడూ, ముందా ఫ్యాను ఆపరా! నా గొంతు కాదు, దాని గొంతే వినబడుతోంది."

అంతే. రికార్డు చేసిన మొదటి రోజు, ఎదురుగా బడి పిల్లలున్నట్టే వదిన అన్న మాటలు. అప్పటికి ఆయనకు అనవసరపు ముక్కలు కత్తిరించడం రాదు కాబట్టి కథ ముందు అది ఉండిపోయింది. వదిన రెండు చేతులతో పలకను గట్టిగా పట్టుకుంది. కళ్లు నిండిపోయాయి. తర్వాత రాసింది.

"మిగతావి?"

"లేవక్కా" అన్నాడు ఆయన. "ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే పోగొట్టాను." డిస్కు గురించి, ఫోను గురించి, బస్సుల బొమ్మల గురించి అన్నీ చెప్పాడు, తల ఎత్తకుండా. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

వదిన ఏదో రాయబోయి తుడిచేసింది. మళ్లీ రాయబోయి మళ్లీ తుడిచేసింది. ఆవిడకు కోపం వచ్చింది. ముఖమంతా ఎర్రబడింది. అరవాలంటే అరవలేదు. గొంతు ఉంటే ఆ రోజు మా ఇల్లు అదిరిపోయేది. అదిరిపోతే బాగుండునని నేను మనసులో మొక్కుకున్నాను.

కాసేపటికి వదిన లేచింది. వెళ్లిపోతుందేమో అనుకున్నాను. గోడ దగ్గరికి వెళ్లి ఫ్యాను ఆపింది. తిరిగి వచ్చి కూర్చుని, మళ్లీ పెట్టమని ఫోను వైపు వేలు చూపించింది.