కమలక్క కోయని జానెడు పడుగు

మా కమలక్కను మొండిది అంటే ఇప్పుడు నాకు కోపమొస్తుంది. ఒకప్పుడు ఆ మాట అన్నవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. ఎమ్మిగనూరులో మా రెండు మగ్గాలకూ నడుమ ఒక్క గోడే అడ్డం.

కరోనా వచ్చిన ఏడు దేశమంతా బేరాలు కుదేలైనాయి. రోగం సంగతి అట్లుంచు. బెంగుళూరులో పెళ్ళిళ్ళు ఆగినాయి, చీరల అంగళ్ళు మూతపడినాయి. అంగడాయన సరుకు వద్దన్నాడు, మాకు నూలిచ్చే సావుకారి చేతులెత్తేసినాడు. మగ్గాలు ఆగినాయి. మేము టీ తాగేది మానితే టీ కొట్టు బాలరాజు పాలు కొనేది మానేసినాడు, పాలామె బర్రెను అమ్ముకునింది. యాడనో పెద్దోళ్ళ నష్టం అనుకున్నది మా పొయ్యి దాకా వచ్చింది.

మాకు ఒక పద్ధతి ఉంది. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయేటప్పుడు చివర జానెడు మగ్గంలోనే వదిలి, కొత్త పోగులు ఒక్కోటీ దానికి అతుకుతాము. ఒక్క దినం పని. ఆ జానెడు కోసేస్తే వేల పోగులూ దువ్వెన లాంటి అచ్చులోకి మళ్ళీ మొదటినుంచి ఎక్కించల్ల. ఇద్దరు మనుషులు, వారం దినాలు.

నాకు తెలీదా? తెలుసు. అయినా మగ్గాలు ఆగిన ఆరో నెలలో ఒళ్ళు మండి, మగ్గాన్ని కట్టెలకు అమ్ముదామని కత్తెరతో ఆ జానెడు కోసేసినాను. కొనొచ్చినోడు చెప్పిన ధర విని నా పెండ్లాం భీమక్క వాణ్ణి వాకిట్లోంచే తరిమింది. మగ్గం మిగిలింది, పడుగు పోయింది.

కమలక్క మాత్రం పత్తి తీసే కూలికి పోయొచ్చి, ఆ జానెడు పోగులకు దుమ్ము దులిపి, ఎలుకలు కొరకకుండా గుడ్డ కప్పేది. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి" అని నవ్వినాను.

"నవ్వుకో గోవిందన్నా. ఇది ఉన్నన్నాళ్ళు నేను మగ్గందాన్ని. కోస్తే కూలిదాన్నే" అనింది.

మళ్ళీ ముహూర్తాలు మొదలైనాయి. సావుకారి మా వీధికి రెండే పడుగులు తెచ్చినాడు. రేపటికి మగ్గం ఆడించేవాళ్ళకే ఇస్తానన్నాడు. ఒకటి కమలక్క తీసుకునింది. నేను తల వంచుకుని నిలబడినాను. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

"రెండోది గోవిందన్నకియ్యప్పా" అనింది. "వారంలో ఆడిస్తాడు."

"ఆలస్యమైతే ఆర్డరు పోతుందమ్మా" అని సావుకారి నసిగినాడు.

"పోతే నాకూ పని ఇయ్యొద్దు."

సావుకారి రెండోది నాకిచ్చిపోయినాడు. కమలక్క పగలంతా తన మగ్గం నేసుకుని, సాయంత్రమైతే నా మగ్గానికి అవతలి పక్క కూర్చునేది. నేను పోగు అందిస్తే ఆమె అచ్చులోంచి లాగేది. ఒక్కనాడూ నా తప్పు ఎత్తలేదు. ఏడో దినం అడ్డపోగు మోసే నాడె అటు పోయి ఇటు వచ్చిన సప్పుడు వింటే నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కమలక్క లేచి, గూట్లోని నా కత్తెర తీసి నడుములో దోపుకునింది. "ఇది నా తావనే ఉంటుంది" అని పోయింది.

ఇప్పటికీ చీర దించేటప్పుడల్లా పోయి అడుగుతాను. ఆమె వచ్చి, జానెడు వదిలినానో లేదో చూసినాకనే కత్తెర ఇస్తుంది.