నోట్లో ఆగిన ఆమెన్

మా కూడికల్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరు ప్రార్థన చేసినా, వాళ్లు ఆపగానే గదిలో ఉన్నవాళ్లందరూ ‘ఆమెన్’ అనాలి. అప్పుడే ఆ ప్రార్థన అందరిదీ అయినట్టు. రాయగడ రైల్వే కాలనీలో కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు గుప్పెడే. ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో చేరేవాళ్లం. ప్రభుత్వ బడిలో టీచరైన మా నాన్న సంఘ పెద్ద. ముందుగా దేశాన్ని ఏలేవాళ్లకు జ్ఞానం దయచేయమని ప్రార్థించేవాడు. ఆ ఆమెన్ అనడానికి మాలో ఎవరూ ఎప్పుడూ తడుముకోలేదు.

ఎమర్జెన్సీ రోజుల్లో ఒక వారం కూడిక నర్సత్త ఇంట్లో జరిగింది. చుట్టరికమేం లేదు, నాన్నని అన్నయ్యగారూ అనేది కాబట్టి నాకు అత్త. కాలనీలో ఏ పిల్లకి జ్వరమొచ్చినా, ఆస్పత్రి డ్యూటీ దిగి చీరైనా మార్చుకోకుండా వచ్చి సూది వేసేది. ఆమె భర్త, మాకు మావయ్య, రైల్వేలో ఫిట్టరు. యూనియన్ మీటింగులో సర్కారును తప్పుపట్టాడని తీసుకెళ్లి కోరాపుట్ జైల్లో పెట్టారు. ఎప్పుడు వదులుతారో చెప్పే నాథుడు లేడు. అత్త సెలవు దొరికినప్పుడల్లా కొండదారిన పోయే ఘాటీ బస్సెక్కి వెళ్లేది. ఒక్కోసారి చూడనిచ్చేవారు, ఒక్కోసారి గేటు దగ్గరే తిప్పి పంపేసేవారు.

ఆ సాయంత్రం మేమంతా చెప్పులు గుమ్మం బయట వదలకుండా లోపలికి తెచ్చి పెట్టుకున్నాం. పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు. నాన్న ఏలేవాళ్ల కోసం ప్రార్థించాడు, ఆమెన్ అన్నాం. తర్వాత అత్త మోకరించింది.

“ప్రభువా, మా ఇంటాయన దొంగతనం సెయ్యనేదు. నోరిప్పి నిజం సెప్పేడు, అంతే. మనుషుల నోర్లు నొక్కేసిన ఈ ప్రభుత్వం సేతిలోంచి ఆయన్ని ఇడిపించు. మమ్మల్నందర్నీ ఇడిపించు.”

ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. నాన్న కళ్లు బిగించేసి ఉన్నాడు. పక్కన కూర్చున్న గుమస్తాగారు కిటికీ వైపు చూస్తున్నారు. అమ్మ చెయ్యి నా మోకాలి మీద గట్టిగా నొక్కి ఉంది. ఆ గదిలో పోలీసు లేడు. అందరం ఆమె చేత సూది వేయించుకున్నవాళ్లమే. కాసేపటికి అత్త తనే “ఆమెన్” అనుకుని లేచింది. నాన్న వెంటనే పాట ఎత్తుకున్నాడు. ఎంత గట్టిగా పాడామో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చచ్చిపోతుంది.

“ఒక్క మాటంటే ఏటి పోయీదండీ?” అంది అమ్మ ఇంటికొచ్చాక.

“నా ఉజ్జోగం పోయీది,” అన్నాడు నాన్న. అమ్మ మాత్రం ఆమెన్ అందా?

ఎమర్జెన్సీ ఎత్తేశారు. మావయ్య సగమై ఇంటికొచ్చాడు. కృతజ్ఞతా కూడిక పెట్టారు. ఈసారి గుమ్మం నిండా చెప్పులే, కాలు పెట్టడానికి సందు లేదు. నాన్న స్వేచ్ఛ గురించి, న్యాయం గురించి ధారాళంగా ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అంటే రేకులు అదిరాయి. నాకు తలకొట్టేసినట్టయింది.

అత్త టీ గ్లాసులు తెచ్చి పెట్టి, నాన్న ఎదుట కూర్చుంది. కోపం లేదు మొహంలో.

“అన్నయ్యగారూ, ఆ దినం నా ప్రార్థనకి ఎవులూ ఆమెన్ అననేదు. ఇప్పుడనండి. మా ఇంటాయన సెవిన పడతాది.”

నాన్న నోరు తెరిచాడు. ఇప్పుడు ఉద్యోగమూ పోదు, ఎవరూ పట్టుకెళ్లరు. అయినా ఆ మాట ఒక్కరి నోటా రాలేదు, నా నోటా రాలేదు. మావయ్యకి ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. ఒక్కొక్కరి మొహమే చూస్తూ, “అంటే ఆ దినం మీరెవులూ...” అని మొదలెట్టాడు.

అత్త ఆయన్ని పూర్తి చెయ్యనివ్వలేదు.

“టీ సల్లారిపోతంది, తాగండి,” అంది మాతో.

తాగాం.