ఇసుక తిన్నె మీద రెండో ఇల్లు

ఉదయం ఆరున్నరకు మా ప్లాటూన్ పులికాట్ సరస్సు గట్టుకు చేరింది. రోడ్డు అక్కడితో సరి. మిగతా రోడ్డును తుఫాను కోసేసింది. అవతల, సరస్సుకూ సముద్రానికీ మధ్య ఇసుక తిన్నె మీద, చేపలు పట్టేవాళ్ల పాళెం. మేం ఇళ్లు నిలబెట్టాల్సింది అక్కడ.

మాది సైన్యంలో ఇంజనీర్ల దళం. వంతెనలు వేస్తాం, మందుపాతరలు తీస్తాం. ఈసారి తుపాకులు తేలేదు. రెంచీలు, నిచ్చెనలు, తాళ్లు, నీళ్ల క్యాన్లు తెచ్చాం. లారీల్లో విడిభాగాలుగా ఇళ్లు. ఒక్కో గోడ పలకలో రెండు రేకుల మధ్య దట్టంగా ఫోమ్. ఎండ లోపలికి దిగదు. తెల్లటి పైకప్పు మీద చిన్న సోలార్ పలక. దాంతో రెండు బల్బులు వెలుగుతాయి, ఒక ఫ్యాను తిరుగుతుంది. కరెంటు స్తంభాలన్నీ పడిపోయిన చోట అలాంటి ఇల్లే కావాలి.

మా సుబేదార్ సాబ్ ఉత్తరాది మనిషి. తెలుగు రాదు. నాది ఆ జిల్లాలోనే, కోట అనే ఊరి దగ్గర వరి పండించే ఇల్లు. అందుకని ఆ డ్యూటీలో ఆయన నోరూ నేనే, చెవీ నేనే.

పాళెంలో ఒక్క గుడిసె మిగల్లేదు. ముందే తుఫాను షెల్టరుకు చేరడంతో మనుషులు దక్కారు. ఇప్పుడు టార్పాలిన్ల కింద ఉన్నారు. తుఫాను పోతూ పోతూ సముద్రపు గాలిని కూడా పట్టుకుపోయింది. రోహిణి కార్తె. పడమటి గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు కొట్టేది. మా నర్సింగ్ అసిస్టెంట్ ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పంచుతూ టార్పాలిన్‌కూ టార్పాలిన్‌కూ మధ్య తిరిగేవాడు.

పలకల్ని పడవల మీద దాటించాలి. చెడిపోకుండా మిగిలినవి కొన్నే. రెండేసి పడవలు జతకట్టి, పైన పలకలు కట్టేవాళ్లం. గాలి పట్టిందంటే పలక తెరచాపలా లేచి పడవనే తిప్పేసేది. అందుకే ఆర్డరు ఒకటే. గాలి లేస్తే పడవ కదలకూడదు.

కాటయ్య అనే ముసలాయన మేం పనిచేసే చోటే కూర్చునేవాడు. పడవ పోయింది, వలలు పోయాయి. ఆయాసం మనిషి. పిల్లల్లేరు, భార్య పోలమ్మ ఒక్కతే. మొదటి గోడ నిలబెట్టగానే లేచి వచ్చి వేలితో తట్టి చూశాడు.

"ఇది మా ఐసుపెట్టె మాదిరే ఉండాదే అబ్బయ్యా. ఈ యోగం చేపలకే అనుకున్నా."

సుబేదార్ సాబ్‌కు హిందీలో చెప్పాను. అక్కడ ఉన్నన్ని రోజుల్లో ఆయన నవ్వగా చూసింది అప్పుడే.

మర్నాటి సాయంత్రానికి మొదటి ఇల్లు లేచింది. జబ్బు మనుషులకు ముందు అని ఆర్డరు. నర్సింగ్ అసిస్టెంట్ కాటయ్య పేరు చెప్పాడు. తాళం చేతికిచ్చాను. ఆయన లోపలికి వెళ్లి, ఒంటి మీద చెమట ఆరేదాకా ఫ్యాను కింద నిలబడ్డాడు. బయటికొచ్చి పక్క టార్పాలిన్ వైపు చూశాడు. అక్కడ ఒక బాలింత ఉంది. తుఫాను రోజు షెల్టర్లోనే కాన్పయింది. బిడ్డ ఒళ్లంతా చెమటకాయలు. ఏడ్చే ఓపిక కూడా లేదు.

తాళం మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"ఆ బిడ్డకియ్యి. మేం రేపు పోతాంలే."

వాళ్లు ఆయనకు చుట్టాలు కారు. పోలమ్మ విప్పబోయిన మూటను మళ్లీ ముడేసింది. రెండో ఇల్లు రేపు సాయంత్రానికి ఆయనదేనని, తాను మాట ఇస్తున్నానని చెప్పమన్నాడు సుబేదార్ సాబ్. చెప్పాను. కాటయ్య తలూపాడు.

మరుసటి రోజు పొద్దెక్కకముందే పడమటి గాలి లేచింది. గోడలు నిలబెట్టాం. పైకప్పు అవతలి గట్టునే ఉండిపోయింది. మా రేడియో ఆపరేటర్ పొద్దుటినుంచీ సెట్టు వదలకుండా అవతలి గట్టుతో మాట్లాడుతున్నాడు.

"పైకప్పు ఎక్కించారా?"

"ఎక్కించాం. కానీ పడవ కదలదు. గాలి తగ్గలేదు."

"ఇక్కడ ముసలాయన ఎదురుచూస్తున్నాడు."

గరగరల మధ్య అవతలి గొంతు. "తెలుసు. ఏం చేయమంటావు?"

ఎండెక్కాక బాలింత కాటయ్యను లోపలికొచ్చి పడుకోమని పిలిచిందట. పురుడు వెళ్లని ఇంట్లో తనకేం పని అని ఆయన రాలేదట. ఇదంతా పోలమ్మ నాకు తర్వాత చెప్పింది.

మధ్యాహ్నం పోలమ్మ పరుగెత్తకుండా నడిచే నా దగ్గరికి వచ్చింది.

"పిలిస్తే పలకటంలే అబ్బయ్యా."

వెళ్లి చూస్తే కాటయ్య ఒళ్లు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. వడదెబ్బ. నలుగురం ఎత్తుకుని మొదటి ఇంటికి పరుగెత్తాం. బాలింత బిడ్డ మీద కొంగు కప్పి బయటికొచ్చి ఎండలో నిలబడింది. ఫ్యాను కింద పడుకోబెట్టి, తడిగుడ్డలు కప్పాం. నర్సింగ్ అసిస్టెంట్ సెలైన్ ఎక్కించాడు. ఆసుపత్రికి దారి ఆ సరస్సు మీదుగానే. ఆ గాలికి ఉత్త పడవ కూడా నిలిచేలా లేదు. పోలమ్మ ఆయన పాదాలకు నీళ్లు రాస్తూ కూర్చుంది. ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు. నర్సింగ్ అసిస్టెంట్ చేయి పట్టుకుని చూశాడు, మెడ దగ్గర చూశాడు, తర్వాత స్టెతస్కోపు తీసి జేబులో పెట్టుకున్నాడు.

పొద్దుగూకేవేళకు గాలి పడిపోయింది. పైకప్పు వచ్చింది. సుబేదార్ సాబ్ తానే నిచ్చెన ఎక్కి బోల్టులు బిగించాడు. దిగాక, పోలమ్మతో ఏమని చెప్పాలో తనకు తెలియడం లేదని, నన్నే చెప్పమని అన్నాడు. నేను నిచ్చెన తీసి పక్కన పెట్టాను.

మిగతా ఇళ్లన్నీ పూర్తిచేసి యూనిట్‌కు తిరిగొచ్చాం. బిడ్డ కోలుకుంది. మేం పడవెక్కేటప్పుడు తల్లి ఎత్తి చూపించింది. తర్వాత నాకు పింఛనొచ్చింది. ఇప్పుడు ఊళ్లోనే సేద్యం. సరిహద్దు గురించి చెప్పమని కుర్రాళ్లు అడుగుతారు. మంచు గురించి, కాపలా గురించి చెబుతాను.

నాకు మాత్రం కళ్లముందు ఆడేది వేరే. కాటయ్యను మట్టి చేసి వచ్చిన మధ్యాహ్నం పోలమ్మకు రెండో ఇంటి తలుపు తీశాను. బయట ఎండ కణకణలాడుతోంది. ఆమె గడప లోపలే ఆగి, గోడకు అరచేయి ఆనించింది.

"చల్లగా ఉండాది," అంది.

చేయి తీయలేదు. మేం వెనక్కి తిరిగి నడిచాం. పడవల దాకా వచ్చి చూస్తే, తెరిచిన తలుపులో ఆమె ఇంకా అలాగే గోడ మీద చేయి వేసి నిలబడి ఉంది.