కొల్లేటి లంకలో కలరా సూదులు

1936 వేసవిలో నన్ను తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి లంకల్లో కలరా సూదులు వేసే పనికి పంపారు. అప్పుడు నేను సబ్ అసిస్టెంట్ సర్జన్ని. అంటే జనం చేత డాక్టరుగారని పిలిపించుకుంటూ, పై డాక్టరు కనబడితే లేచి నిలబడేవాణ్ణి. సర్వీసు రెండేళ్లు, గర్వం మాత్రం ఇరవయ్యేళ్లది.

ఏలూరు నుంచి తాటిదోనెలో వెళ్లాం. తోడు కాంపౌండరు మస్తాన్‌గారు, నాకంటే పాతికేళ్లు పెద్ద. మేం దిగిన లంకలో అప్పటికే ఇద్దరు పోయారు. బడి అరుగు మీద బల్ల వేయించి, ఉత్తర్వు ప్రకారం పది నుంచి ఒంటిగంట దాకా కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. డైరీలో "అజ్ఞానం" అని రాశాను.

బడి పంతులమ్మ మరియమ్మగారు వచ్చి, "ఈ వేళప్పుడు ఊళ్లో ఎవరుంటారండీ? అందరూ వలల మీదకి పోయారు. సాయంత్రం దోనెలొచ్చాక కూర్చోండి," అన్నారు.

వేళలు మార్చే అధికారం నాకు లేదన్నాను. ఉందో లేదో నేనెవర్నీ అడగలేదు. అంతలో పక్క లంక నుంచి ఒకావిడ కూతుర్ని తీసుకుని వచ్చింది. ఒంటిగంట దాటిందని, రేపు రమ్మన్నాను.

మర్నాడు సాయంత్రం మస్తాన్‌గారు నన్నడక్కుండానే బల్లను రేవులో వేయించారు. జనం వచ్చారు గాని దూరంగానే నిలబడ్డారు. వాళ్ల పెద్ద సోమయ్య, "తమరు ఏయించుకున్నారాండీ?" అని అడిగాడు.

వేయించుకున్నానన్నాను. అబద్ధం. జ్వరం వస్తుందని వాయిదా వేస్తూ వచ్చాను. అది మస్తాన్‌గారికి తెలుసు. "ఇంకోటి వేయించుకున్నా నష్టం లేదండి, వీళ్ల ధైర్యం కోసం," అంటూ ఆయన సూది సిద్ధం చేశారు.

సూది దిగడం చూశాను. కళ్లు తెరిచేసరికి చేపల బుట్టల మధ్య పడి ఉన్నాను. మరియమ్మగారు మొహాన నీళ్లు చల్లుతున్నారు. రేవంతా నవ్వు. సోమయ్య ముందుకొచ్చి, "డాక్టరుగారికే అంత బయవైతే మనం బయపడ్డంలో తప్పేం లేదురా. రండి," అని చెయ్యి చాపాడు. చీకటి పడేలోగా ఊరంతా అయింది.

మూడోరోజు పక్క లంకకు వెళ్లాం. నేను తిప్పిపంపిన పిల్లకు అప్పటికే వాంతులు, విరేచనాలు. సెలైన్ ఎక్కించాం. సాయంత్రానికి పోయింది. తల్లి, "మళ్లీ వద్దామనుకున్నానండీ, దోనె దొరకలేదు," అంది. మొదటిరోజే సూది పడినా అంతలోనే పని చేసేది కాదని వైద్యం చెబుతుంది. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

వేళలు మార్చినందుకు సంజాయిషీ రాసి పంపాను. దాని గురించి ఎవరూ అడగలేదు. నియమమని నేను పట్టుకు కూర్చున్నదాంట్లో చాలావరకు నా సౌకర్యమేనని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత పెంటపాడులోనైనా, కామవరపుకోటలోనైనా, జనం ఇళ్లకు ఏ వేళకు చేరతారో కనుక్కున్నాకే బల్ల వేయించేవాణ్ణి.