అవ్వ పేరు మీద నా వేలు

నా చిన్నప్పుడు మా పేటవాళ్ళు గ్రామసభకు పోయేవారు కాదు, సభ పుస్తకమే మా ఇళ్ళకు వచ్చేది. కోసిగి పక్కన కరువు పల్లె మాది. పొద్దంతా కూలి చేసి వచ్చినవాళ్ళకు మళ్ళీ పంచాయతీ ఆఫీసు దాకా నడిచే ఓపిక ఎక్కడిది? సాయంత్రం బంట్రోతు సిరా డబ్బా పట్టుకొని గడప గడపకూ తిరిగేవాడు. అందరూ సభకు వచ్చినట్టు వేలిముద్ర వేసి లోపలికి పోయేవారు. మా అవ్వ ఒక్కతే వేసేది కాదు. తాను పోని సభకు వేలెందుకు పెట్టాలనేది. ముసలిదానికి తిక్క అని మా నాయనతో సహా అందరూ నవ్వేవారు.

ఆ ఏడు ఊరికి తాగునీళ్ళ బోరు మంజూరైంది. మా బావి అడుగంటింది కదా, బోరు మాకే అనుకున్నాం. సభ రోజు అవ్వ జ్వరంతో పడుకొని ఉంది. బంట్రోతు వాకిట్లో ఉన్న నన్ను పిలిచి, గుప్పెడు బొరుగులు ఒళ్ళో పోసి, నా బొటనవేలు పట్టుకొని అవ్వ పేరు మీద అద్దించాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ధ్యాసంతా బొరుగుల మీదే.

వారం తిరక్కుండా బోరు బండి వచ్చింది. మా పేట దాటిపోయి సర్పంచు చేని గట్టున ఆగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మగవాళ్ళు ఆఫీసుకు పరిగెత్తారు. బోరు అక్కడే వెయ్యడానికి మీ పేటంతా ఒప్పుకుంది, ఇవిగో ముద్రలు అని గుమాస్తా పుస్తకం తెరిచాడట. అవ్వ పేరు పక్కన కూడా ఒక చిన్న ముద్ర ఉందట.

మా నాయన వచ్చి ఆ మాట చెప్పగానే అవ్వ నా వైపు చూసింది. నేను ఏడ్చేశాను. కొట్టి ఉంటే మరచిపోయేదాన్నేమో, కొట్టలేదు. అరుగు మీద చేరి సర్పంచును తిడుతున్న పెద్దవాళ్ళ దగ్గరికి నన్ను చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది.

“వాడు మోసం చేసినాడని ఇప్పుడు అరుస్తాండారు. ఆ పొద్దు మీరు పోయి ఆడ కూసోనుంటే చేసేవాడా? ఈ బిడ్డ బొరుగులకు ఏలు పెట్టింది. మీరు దేనికి పెట్టినారప్పా?”

ఒక్కొక్కరే కండువా దులుపుకొని అరుగు దిగిపోయారు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ గట్టు దాకా బిందెలు మోశాం. సర్పంచు మనుషులు వదిలితేనే నీళ్ళు. ఒక ఎండాకాలం అవ్వ ఆ దోవలోనే బిందెతో కూలబడి మంచం పట్టింది, మళ్ళీ లేవలేదు. వయసు మీద పడి పోయిందని అందరూ అంటారు. నేను అనను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మొన్న గ్రామసభకు పోతే ఆఫీసువాళ్ళూ, నేనూ, ఖాళీ కుర్చీలూ. సాయంత్రం పుస్తకం మామూలుగానే ఇళ్ళకు వచ్చింది. ఇప్పుడు అందరికీ సంతకం వచ్చు, అంతే తేడా. నా మనవరాలు ఫోనులోంచి తల ఎత్తకుండానే పెన్ను అందుకుంది. ఏం రాసుండాదో చదువు అమ్మీ అన్నాను. అవ్వకు తిక్క అని నవ్వింది. తర్వాత చదివిందో, ఊరికే పెట్టేసిందో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

వీధిలో బొరుగులమ్మే మనిషి కేక వినబడితే చాలు, ఈనాటికీ నా బొటనవేలు కొంగుకు తుడుచుకుంటాను.